పీపా కడిగి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అమెరికాలో ఇంట్లోనే బీరు కాచుకునే అలవాటున్న వాళ్లనడిగితే దానికి మూడోది కలుపుతారు... పీపా కడిగి చూడు! బీరు కాయడం పెద్ద విద్య కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చేదు కోసం హాప్ పూలు, ఈస్ట్, నీళ్లు. ఈ నాలుగూ ఉంటే చాలు. ఒక ఆదివారం పూట ఐదారు గంటలు పొయ్యి దగ్గర నిలబడితే పని అయిపోతుంది. ఆ తర్వాత రెండు వారాలు పనంతా ఈస్ట్‌దే. కష్టమంతా దానికి ముందూ వెనకా ఉండే కడుగుడులోనే. బార్లీ ఉడికించిన గిన్నె కడగాలి, పులియబెట్టిన డ్రమ్ము కడగాలి, గొట్టాలు కడగాలి. అన్నిటికంటే చివర, అన్నిటికంటే జాగ్రత్తగా, బీరు నింపే స్టీలు పీపా కడగాలి. అందులో ఏ మూలనో గోరంత మురికి మిగిలినా నెల రోజుల శ్రమ పుల్లగా మారి మోరీలోకి పోవాల్సిందే.

తాగడం మంచా చెడా అన్నది వేరే చర్చ. మన రాష్ట్రాల్లో అయితే లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది ఎవరూ ఇంట్లో చేసి చూడాల్సిన పని కాదు. కానీ ఆ పీపా వెనక ఒక చట్టం కథ ఉంది. ఒక శాస్త్రవేత్త కథ ఉంది. చూపుడువేలంత మందం కూడా లేని రబ్బరు చుట్ట కథ ఉంది. మన వంటింట్లో కుక్కర్ మూత పెట్టే ప్రతిసారీ పనికొచ్చే సంగతులూ ఉన్నాయి.

కార్టర్ సంతకం

అమెరికాలో 1920లో మద్యనిషేధం వచ్చింది. 1933లో ఎత్తేశారు. ఆ తర్వాత ఇంటి అవసరాలకు ద్రాక్షసారా కాచుకోవచ్చని నిబంధనల్లో చేర్చారు గానీ బీరు మాట మాత్రం అందులో లేకుండా పోయింది. ఫలితంగా 45 ఏళ్లపాటు ఇంట్లో బీరు కాయడం అక్కడ కూడా చట్టవిరుద్ధమే. చాటుమాటుగా కాచేవాళ్లు కాచేవాళ్లే. కాకపోతే మంచి సరుకు దొరికేది కాదు, పద్ధతి చెప్పే పుస్తకాలు అంతంతమాత్రం. ఎలా శుభ్రం చేయాలో ఒకరినొకరు బాహాటంగా అడిగే వీలూ తక్కువే.

1978 అక్టోబరు 14న అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక బిల్లు మీద సంతకం చేశారు. కాలిఫోర్నియా సెనెటర్ అలన్ క్రాన్‌స్టన్ చొరవతో ఇంటి బీరుకు సంబంధించిన అంశం అందులో చేరింది. ఒక్క పెద్దవారు ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పెద్దవారు ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. 200 గ్యాలన్లంటే సుమారు 757 లీటర్లు. సొంతానికి వాడుకోవచ్చు, స్నేహితులకు పోయవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఆ చట్టం 1979లో అమల్లోకి వచ్చింది. అయితే చివరిమాట రాష్ట్రాలదే. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో గానీ ఒప్పుకోలేదు.

ఈ చిన్న వెసులుబాటు ఎంత దూరం వెళ్లిందంటే, అలా ఇంట్లో కాయడం నేర్చుకున్నవాళ్లలో కొందరు తర్వాత సొంత బ్రూవరీలు పెట్టారు. కాలిఫోర్నియాలోని చికో ఊళ్లో 1980లో మొదలైన సియెర్రా నెవాడా బ్రూవరీ అలాంటిదే. దాని వ్యవస్థాపకుడు కెన్ గ్రాస్‌మన్ మొదట్లో ఇంటి బీరు సామాన్ల దుకాణం నడిపేవారు. కొత్త యంత్రాలు కొనే స్తోమత లేక, పాలడెయిరీల్లో వాడి పక్కన పడేసిన స్టీలు పాత్రలు తెచ్చి పని మొదలుపెట్టారు. పాలకు పనికొచ్చిన పాత్ర బీరుకూ పనికొచ్చింది. ఎందుకంటే రెండింటికీ శత్రువు ఒక్కటే, కంటికి కనిపించని క్రిమి.

కోలా పోయి బీరు వచ్చె

ఇంటి బీరు మొదట్లో సీసాల్లోనే నింపేవారు. ఒక విడత అంటే 5 గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 19 లీటర్లు. దానికి దాదాపు 50 సీసాలు కావాలి. యాభై సీసాలూ కడగాలి, యాభైకీ మూతలు బిగించాలి. ఒక్క సీసాలో చక్కెర కాస్త ఎక్కువైతే లోపల గ్యాసు పెరిగి గాజుపెంకులై పేలేది. ఇలాంటి సమయంలో వాళ్లకు ఓ వరం దొరికింది. అదీ శీతల పానీయాల కంపెనీల నుంచి!

ఒకప్పుడు అమెరికా హోటళ్లకు కోలా పానీయాలు పొడవాటి స్టీలు పీపాల్లో వచ్చేవి. ఒక్కోటీ 5 గ్యాలన్లు పడుతుంది. ఖాళీది నాలుగైదు కిలోలకు మించదు. వీటిని తయారుచేసిన కంపెనీల్లో పేరుమోసింది మిన్నెసోటా రాష్ట్రంలోని కార్నీలియస్. అందుకే అలాంటి పీపాలన్నిటినీ ‘కార్నీ’ అని ముద్దుగా పిలుస్తారు. పెప్సీ వాడినవాటికి గొట్టం తగిలించే చోట ‘బాల్ లాక్’ ఉంటుంది, కోక్ వాడినవాటికి ‘పిన్ లాక్’. కొన్నాళ్లకు అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచి పెట్టి పానకం పంపే పద్ధతి వచ్చింది. కడిగే పనిలేదు, తిరిగి తెచ్చే పనిలేదు. దాంతో లక్షణమైన స్టీలు పీపాలు గుట్టలుగా మిగిలిపోయాయి. వాటిని చవగ్గా కొనుక్కుని ఇళ్లకు తెచ్చుకున్నవాళ్లు ఈ బీరు ప్రియులే.

తెచ్చుకున్నాక తెలిసింది అసలు సంగతి. పీపాను ఎంత తోమినా బీరులో కోలా వాసన! రూట్ బీర్ అనే అమెరికా పానీయం ఉన్న పీపా అయితే మరీనూ. స్టీలుకు వాసన పట్టదు. పట్టుకున్నది రబ్బరు. మూత చుట్టూ, గొట్టాల మొదట్లో ఉండే రబ్బరు చుట్టలు ఏళ్ల తరబడి ఆ వాసన పీల్చుకుని మెల్లగా బీరులోకి వదులుతుంటాయి. వాటిని పారేసి కొత్తవి వేస్తే తప్ప ఆ పీపా బాగుపడదు. పచ్చడి పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎన్నిసార్లు కడిగినా ఇంగువ వాసన వదలకపోవడం ఏ ఇల్లాలికి తెలియదు? ఇదీ అంతే.

శుభ్రం వేరు... క్రిమిరహితం వేరు

మన దగ్గర కల్లు లొట్టిని ఇంత పట్టుగా కడగరు. లొట్టి గోడకు అంటుకున్న పాత ఈస్టే కొత్త కల్లును పులియబెడుతుంది. పులవకుండా తియ్యగా ఉండే నీరా కావాలంటే లోపల సున్నం రాస్తారు. క్షారం ఉన్నచోట ఈస్ట్ పెరగదు కాబట్టి. అంటే పాత్ర లోపలి గోడే రుచిని నిర్ణయిస్తుందన్న సంగతి గీత కార్మికులకు తరతరాలుగా తెలుసు. కల్లు ఏ పూటకా పూట అయిపోతుంది. బీరు అలా కాదు, వారాలు నెలలు పీపాలో ఉండాలి. కాబట్టి పిలవని పేరంటానికి వచ్చిన క్రిములకు కూడా పెరగడానికి కావలసినంత తీరిక.

ఈ గుట్టు విప్పింది ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్. బీరు చెడిపోవడానికి కారణం గాలి మారడమో, గ్రహచారమో కాదనీ, ఈస్ట్ కాని వేరే సూక్ష్మజీవులు చొరబడటమేననీ మైక్రోస్కోపు కింద చూపించారు. 1876లో బీరు మీదే ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి కల్తీలేని ఈస్ట్‌ను పెంచారు. విత్తనం మంచిదైతే సరిపోదుగా, మడి కూడా కలుపు లేకుండా ఉండాలి. పాత్రల శుభ్రతకు అంత ప్రాధాన్యం వచ్చింది అందుకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కంటికి తళతళలాడే పాత్ర శుభ్రమైందే కావచ్చు. క్రిమిరహితం కావాలని లేదు. అలాగని నేరుగా క్రిమిసంహారిణి పోసేస్తే సరిపోతుందా? అదీ కాదు. మురికి పొర మీద మందు పోస్తే పైపై క్రిములు చస్తాయి, పొర కింద దాక్కున్నవి బతికిపోతాయి. బాక్టీరియా ఒకచోట కుదురుకున్నాక తమ చుట్టూ జిగురులాంటి పొర అల్లుకుంటుంది. రెండ్రోజులు నీళ్లు మార్చని బిందె లోపల వేలితో రాస్తే జారుడుగా తగిలేది అదే. దాన్ని ముందు రుద్ది, కరిగించి తీసేయాలి. తర్వాతే మందు. ముందు కడుగుడు, తర్వాత క్రిమిసంహారం... ఈ వరస తప్పితే రెండు పనులూ వృథా.

ఒక్క ఊరట ఏమిటంటే, చెడిపోయిన బీరు సాధారణంగా మనిషిని జబ్బుపడెయ్యదు. ఆల్కహాలు, పులుపు, హాప్ చేదు కలిసి రోగకారక క్రిములను పెరగనీయవు. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్, అసిటోబాక్టర్ వంటివి మాత్రం తట్టుకుని నిలబడి పులుపు, జిగురు, వెనిగర్ వాసన తెస్తాయి. పోయేది రుచి, శ్రమ, డబ్బు. ఆల్కహాలు లేని బీర్లకు ఈ కాపలా అంతగా ఉండదు కాబట్టి వాటి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

కడిగే వరస ఇదీ

ఖాళీ అయిన పీపాను వెంటనే కడగడం మొదటి సూత్రం. అన్నం గిన్నె ఎండితే ఎంత కష్టమో, బీరు మడ్డి ఎండితే అంతకు నాలుగింతలు. కానీ మూత తీసేముందు ఒక పని తప్పనిసరి. గ్యాసు గొట్టం ఊడదీసి, మూత మీద ఉండే చిన్న రింగు పట్టి లాగాలి. లోపల మిగిలిన గ్యాసు తుస్సుమని బయటికొస్తుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా మూత జోలికి వెళ్లకూడదు. కుక్కర్‌కు విజిల్ ఎత్తి ఆవిరి పోయిందో లేదో చూసినట్టే.

తర్వాత గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించినట్టు కడిగి మడ్డి పారబోస్తారు. అప్పుడు పీపాను విడదీస్తారు. పైన రెండు ముక్కులుంటాయి. ఒకటి గ్యాసు లోపలికి వెళ్లేది, రెండోది బీరు బయటికొచ్చేది. పానాతో వాటిని విప్పితే కింద స్టీలు గొట్టాలుంటాయి. బీరు గొట్టం పీపా అడుగుదాకా వెళ్తుంది, గ్యాసు గొట్టం జానెడు కూడా ఉండదు. ముక్కు లోపల స్ప్రింగు ఉన్న చిన్న కవాటం ఉంటుంది. మడ్డి, హాప్ పొట్టు పేరుకునేది ఇక్కడే. పైనుంచి చూస్తే పీపా అద్దంలా మెరుస్తుంటుంది, బీరు మాత్రం చెడిపోతుంటుంది. ఎక్కడుందిరా దొంగ అని వెతికితే ఈ ముక్కులో కూర్చుని ఉంటాడు! రెండు ముక్కుల భాగాలూ కలిసిపోకుండా వేర్వేరు గిన్నెల్లో పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. చూడ్డానికి ఒక్కలాగే ఉన్నా చాలా పీపాల్లో మరలు వేరుగా ఉంటాయి. తారుమారు చేసి బలవంతాన బిగిస్తే ముక్కు పాడైపోతుంది.

కడగడానికి క్షారగుణమున్న పొడులు వాడతారు. సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్నవి ఎక్కువ. వేడినీళ్లలో కలిపితే ఆక్సిజన్ బుడగలు వచ్చి మడ్డిని వదిలిస్తాయి. ఆ నీళ్లు నింపి కొన్ని గంటలు నానబెట్టాలి. ఈ సమయంలో మూత బిగించకూడదు. ఆక్సిజన్ బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం లోపలికి సన్నటి పొడుగాటి బ్రష్ దూర్చి తోమాలి. స్టీలు పీచుతో గీకితే మాత్రం కొంప మునిగినట్టే. ఆ గీతల్లోనే క్రిములు కాపురం పెడతాయి. బట్టలకు వాడే బ్లీచ్ కూడా స్టీలుకు పడదు. అందులోని క్లోరిన్ సంబంధిత లవణాలు స్టీలు మీది రక్షణ పొరను తినేసి సూదిమొనంత గుంటలు పెడతాయి. బ్లీచ్‌నీ యాసిడ్‌నీ కలపడం అంతకంటే ప్రమాదం. విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. బీరుతో సంబంధం లేకపోయినా, బాత్‌రూమ్ కడిగే ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

చాలా కాలం వాడిన పీపా లోపల గోధుమరంగు గారలాంటిది పట్టుకుంటుంది. దాన్ని ‘బీరు రాయి’ అంటారు. కాల్షియం ఆక్సలేట్ అది. క్షారానికి సరిగా లొంగదు, ఆమ్లంతో కడగాలి. నీళ్లు కాచే గిన్నెకు పట్టిన తెల్లటి గారను చింతపండుతోనో నిమ్మచెక్కతోనో వదిలించినట్టే.

అంతా అయ్యాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు జాడించి, అప్పుడు క్రిమిసంహారిణి. ఇళ్లలో ఎక్కువగా వాడేది ఫాస్ఫారిక్ ఆమ్లం ఆధారంగా తయారైన ద్రావణం. అయోడిన్ ద్రావణం వాడేవాళ్లూ ఉన్నారు. చెప్పిన మోతాదులో కలిపితే ఒకట్రెండు నిమిషాలు తడిస్తే చాలు, మళ్లీ నీళ్లతో కడగక్కర్లేదు. కడిగితేనే నష్టం, ఆ నీళ్లతో మళ్లీ క్రిములు రావచ్చు. మోతాదు రెట్టింపు చేస్తే రెట్టింపు మేలు జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. బీరులోకి మందు రుచి వస్తుంది.

అనుభవజ్ఞులు ఇంకో చిట్కా పాటిస్తారు. పీపాను ఆ ద్రావణంతో అంచుదాకా నింపి మూత బిగిస్తారు. గ్యాసు ముక్కు నుంచి కార్బన్ డయాక్సైడ్ పంపిస్తే ద్రావణమంతా రెండో ముక్కు నుంచి బయటికి వెళ్లిపోతుంది. లోపల మిగిలేది కార్బన్ డయాక్సైడే. గాలికి చోటే లేదు. గాలిలోని ఆక్సిజన్ తగిలిన బీరు కొద్దిరోజుల్లోనే తడిసిన అట్టముక్క వాసన కొడుతుంది మరి. పైగా బీరు గొట్టం, దాని కవాటం కూడా ఈ దెబ్బతో క్రిమిరహితమైపోతాయి.

ఐదు రబ్బరు చుట్టలు

కడగడం సగం పని. మిగతా సగం మూత బిగించడం. మన అమ్మమ్మలు ఆవకాయ జాడీకి వాసెన కట్టడంలో ఎంత శ్రద్ధ చూపేవారో గుర్తుందా? అంతకంటే ఎక్కువ శ్రద్ధ కావాలిక్కడ. జాడీలోకి గాలి వెళ్లకపోతే చాలు. పీపాలోకి గాలి వెళ్లకూడదు, లోపలి గ్యాసూ బయటికి రాకూడదు.

ఒక్కో కార్నీ పీపాకు ఐదు రబ్బరు చుట్టలు ఉంటాయి. మూతకు పెద్దది ఒకటి. రెండు ముక్కుల మీద చెరొకటి. లోపలి రెండు గొట్టాల మెడకు చెరొకటి. వీటిని ‘ఓ-రింగ్’ అంటారు. ఇవాళ విమానం నుంచి కుళాయి దాకా ఎక్కడ చూసినా కనిపించే ఈ వస్తువుకు 1939లో అమెరికాలో పేటెంటు పొందినాయన నీల్స్ క్రిస్టెన్‌సెన్, డెన్మార్క్ నుంచి వలస వెళ్లిన ఇంజినీరు. గాడిలో కూర్చున్న రబ్బరు చుట్ట ఒత్తిడికి నలిగి, ఉన్న సందునంతా పూడ్చేస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. సూత్రం అంతే!

కార్నీ మూత కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పక్కకు వంచి లోపలికి దించి, తిప్పి, కిందనుంచి పైకి లాగి బిగిస్తారు. అంటే మూత అంచుకు లోపలివైపు ఉంటుంది. లోపలి గ్యాసే దాన్ని పైకి నెట్టి అంచుకు అదిమిపెడుతుంది. హాకిన్స్ కుక్కర్ మూత ఎలా పెడతామో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ ఆ మూత ఊడిరాదు. ఈ కుటుంబంలోదే ఇదీ.

రబ్బరును ఏ కాస్త పగులున్నా, చదునుగా నొక్కుకుపోయినా మార్చేయాలి. బిగించేముందు ఆహార పదార్థాలకు వాడదగిన సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తారు. పెట్రోలియం జెల్లీ పనికిరాదు. కొన్ని రకాల రబ్బరు దాంతో ఉబ్బిపోయి మెత్తబడుతుంది. మూత పెట్టాక ఒక్కసారి 30 పీఎస్ఐ దాకా గ్యాసు పంపితే రబ్బరు సరిగ్గా కూర్చుంటుంది. ఆ తర్వాత తగ్గించుకోవచ్చు. పోసుకునేటప్పుడు చల్లటి బీరుకు 10 నుంచి 12 పీఎస్ఐ సరిపోతుంది. పోలిక కోసం చెప్పాలంటే, విజిల్ వేసే సమయానికి కుక్కర్‌లో ఉండే ఒత్తిడి సుమారు 15 పీఎస్ఐ.

ఇక పరీక్ష. దీనికి యంత్రాలేం అక్కర్లేదు. కొత్త గ్యాస్ సిలిండరు తగిలించాక రెగ్యులేటరు దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూస్తాం కదా, అదే. మూత చుట్టూ, రెండు ముక్కుల దగ్గర, రింగు ఉన్న చోట సబ్బునురగ రాసి కాసేపు కదలకుండా చూడాలి. ఒక్క బుడగ లేచినా మళ్లీ విప్పాల్సిందే. తెల్లారేసరికి గ్యాసు సిలిండరు ఖాళీ అయిపోయి లబోదిబోమనే బదులు ఆ ఐదు నిమిషాలు ఓపిక పట్టడం నయం. ఇక్కడా ఓ తిరకాసుంది. బీరు నింపిన పీపాలో గ్యాసు పెట్టి కట్టేస్తే మర్నాటికి ఒత్తిడి తగ్గుతుంది. అది కారిపోవడం కానక్కర్లేదు. చల్లటి బీరు గ్యాసును తనలో కలుపుకుంటుంది. అందుకే కారడం పరీక్షించేది ఖాళీ పీపాతోనే.

ఫ్రిజ్‌లో పెట్టాక మరోసారి సబ్బునీళ్లు రాయడం మంచిది. చలికి రబ్బరు గట్టిపడుతుంది. మామూలు వేడిమిలో సందు పూడ్చిన రబ్బరే చలిలో పూడ్చలేకపోవచ్చు. ఇది చిన్న విషయమేం కాదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ఏడుగురితో సహా కూలిపోవడానికి కారణం రాకెట్ అతుకులో ఉన్న ఓ-రింగ్ చలికి బిగుసుకుపోవడమే. విచారణలో శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక రబ్బరు ముక్కను బిగింపులో నొక్కి గ్లాసెడు ఐస్‌నీళ్లలో ముంచి తీశారు. వదిలాక అది వెంటనే తన ఆకారానికి రాలేదు. అందరూ చూస్తుండగానే విషయం తేలిపోయింది.

ఒత్తిడితో చెలగాటం

పీపా చూడ్డానికి సాధువు. కానీ 30 పీఎస్ఐ అంటే ప్రతి చదరపు అంగుళం మీదా 13 కిలోల పైచిలుకు బరువు తోస్తున్నట్టు. చాలా కార్నీ పీపాల మీద గరిష్ఠంగా 130 పీఎస్ఐ అని ముద్రించి ఉంటుంది. దాని దరిదాపులకు వెళ్లే అవసరం ఎవరికీ రాదు. అయితే గ్యాసు సిలిండరులో ఒత్తిడి వందల్లో ఉంటుంది. మధ్యలో రెగ్యులేటరు లేకుండా తగిలించడమంటే చేజేతులా బాంబు చేసుకోవడమే.

2012 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లో ఒక బ్రూవరీలో ఘోరం జరిగింది. పీపాలు శుభ్రం చేస్తుండగా గాలి ఒత్తిడికి ఒక ప్లాస్టిక్ పీపా పేలి, అక్కడ పనిచేస్తున్న యువకుడు చనిపోయాడు. నింపేటప్పుడు కాదు, రవాణాలో కాదు... కడిగేటప్పుడు. స్టీలు పీపా తట్టుకునే ఒత్తిడిని పల్చటి ప్లాస్టిక్‌ది తట్టుకోలేదు. ఏ పీపా దేనితో చేశారో, దాని హద్దు ఎంతో చదవకుండా గాలి పెట్టకూడదని ఆ ప్రాణం పోయాక అందరికీ తెలిసొచ్చింది.

రెండో ప్రమాదం చప్పుడు చేయనిది. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైనది. నేలమాళిగలో, తలుపులు మూసిన చిన్న గదిలో కారితే కిందిభాగంలో పేరుకుంటుంది. మామూలు గాలిలో అది 0.04 శాతమే. 4 శాతానికి చేరితే ప్రాణాపాయమని అమెరికా వృత్తి భద్రత సంస్థ లెక్క. రంగు లేదు, మామూలుగా వాసనా తెలియదు. పూడిక తీయడానికి పాత బావిలో దిగి ఊపిరాడక చనిపోయిన వార్తలు చదివినవాళ్లకు ఈ ప్రమాదం అర్థమవుతుంది. అందుకే పెద్ద సిలిండర్లు ఉన్నచోట గాలి ఆడాలి, వీలైతే హెచ్చరించే పరికరం ఉండాలి.

మూడోది బ్రూవరీలవాళ్లకు బాగా తెలిసిన వింత. కార్బన్ డయాక్సైడ్ నిండిన పెద్ద ట్యాంకులోకి కాస్టిక్ సోడా ద్రావణం పంపితే అది గ్యాసును గటగటా పీల్చేస్తుంది. లోపల శూన్యం ఏర్పడి, బయటి గాలి ఒత్తిడికి అంత పెద్ద ట్యాంకూ నలిపిన సత్తుగిన్నెలా లోపలికి సొట్టపోతుంది. కడిగేముందు గ్యాసును పూర్తిగా వదిలేయాలన్న నియమం ఇంట్లో పీపాకీ, ఫ్యాక్టరీలో ట్యాంకుకీ ఒకటే.

తనిఖీ చేసేదెవరు?

కంపెనీ బీరు అయితే సీసా మీద చీటీ ఉంటుంది, బ్యాచి నంబరు ఉంటుంది, ప్రయోగశాల ఉంటుంది, తనిఖీకి వచ్చే అధికారి ఉంటాడు. ఇంటి బీరుకు ఇవేవీ లేవు. కార్టర్ సంతకం పెట్టిన చట్టం కాచుకోమంది, స్నేహితులకు పొయ్యమంది, అమ్మొద్దంది. శుభ్రంగా కడిగారా, రబ్బరు మార్చారా, ఒత్తిడి సరిచూశారా అని వచ్చి అడిగేవారు లేరు. గ్లాసు అందుకున్న స్నేహితుడు కూడా అడగడు. నమ్మి తాగుతాడు.

మన వంటింట్లోనూ అదే పరిస్థితి. కుక్కర్ రబ్బరు ఎన్నాళ్లయింది, వెయిటు రంధ్రంలో పప్పు పొట్టు అడ్డుపడిందా, సేఫ్టీ వాల్వు పనిచేస్తోందా అని ఏ అధికారీ వచ్చి చూడడు. వదులైన రబ్బరుకు కాసేపు చన్నీళ్లలో పెట్టి పని గడిపేయడం చాలా ఇళ్లలో మామూలే. పిల్లలు వంటింట్లోకి వస్తూ పోతూ ఉంటారు. వాళ్లూ అడగరు. రబ్బరు ఖరీదు పెద్దదేం కాదు. పగిలిందా, సాగిందా అని వారానికోసారి వేళ్లతో తడిమి చూడటానికి అర నిమిషం పట్టదు. వెయిటు రంధ్రాన్ని వెలుతురుకెత్తి అవతలి వెలుగు కనిపిస్తోందో లేదో చూడటానికి ఇంకో అర నిమిషం.